బెండు లేని ఈత

సందేహం అడిగేముందు చెప్పులు వేసుకోవాలని కూర్మయ్యగారి శిష్యుల్లో ఒక పరిహాసం ఉండేది. ఏ ప్రశ్నకూ ఆయన కూర్చున్నచోట జవాబు చెప్పరు. లేచి ఎక్కడికో నడుస్తారు, అడిగినవాడు వెంట పడాలి.

ఒక వేసవి ఉదయం అడిగినవాడు నరహరి. పక్క వీధిలో ఒక పిల్లవాడికి తట్టు పోసింది. నరహరి కూతురు మాలక్ష్మికి ఐదేళ్ళు వచ్చినా తట్టు టీకా పడలేదు. మర్నాడు తీసుకురమ్మని నర్సమ్మ కబురు పెట్టింది.

"గురువుగారూ, జబ్బుపడి తెచ్చుకున్న బలం సొంతం, సూదిమందు బలం అరువు అంటారు. పాపని ఆ ఇంటికి ఆడుకోడానికి పంపేద్దామనుకుంటున్నానండి. ఒకసారి వచ్చిపోతే మళ్ళీ రాదు కదా?"

"దాదాపుగా రాదు. ఆ మాట నిజమే," అంటూ ఆయన లేచారు. "పాపని దిగుడుబావి దగ్గరికి తీసుకురా."

ఊరి పిల్లలందరికీ ఈత ఆ బావిలోనే. నడుముకు ఎండు బెండ్లు కట్టి దింపుతారు, మునగకుండా అవి తేలుస్తాయి. మాలక్ష్మి కూడా అలాగే నేర్చుకుంటోంది. నరహరి బెండ్లు కట్టి ముడి బిగించాడు. కూర్మయ్యగారు వంగి ఆ ముడి విప్పేశారు. పిల్లను రెండు చేతులా ఎత్తి, లోతువైపు గట్టు అంచున నిలబడి, నీళ్ళమీదికి చాచారు. ఆటనుకుని అది కిలకిలా నవ్వింది. ఈ సంగతి చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరిస్తోంది, ఆ తండ్రి గుండె ఏమైపోయిందో!

"అయ్యో! బెండు లేదండీ!"

"బెండుతో వచ్చే ఈత అరువుది కాదూ?"

"మీకు మతి పోయిందా?" అని నరహరి ఒక్క ఉదుటున పిల్లను లాక్కుని గుండెకు అదుముకున్నాడు. గురువును అంత మాట అన్నానన్న స్పృహ కూడా అతనికి లేదు. పిల్లను వదలకుండానే మెట్టుమీద కూలబడ్డాడు.

కూర్మయ్యగారికి కోపం రాలేదు. పక్కనే కూర్చున్నారు.

"నేను బెండు కట్టుకుని ఎరగను నాయనా. మా నాన్న నన్నూ మా తమ్ముణ్ణీ ఒకే పొద్దున ఇందులోకి తోశాడు. నాకు ఈత బ్రహ్మాండంగా వచ్చింది."

నరహరి తెల్లబోయాడు. ఇన్నేళ్ళ శుశ్రూషలో గురువుగారికి తమ్ముడున్నట్టు ఎవరూ అనగా వినలేదు.

"మరి... మీ తమ్ముడుగారికండీ?"

కూర్మయ్యగారు బెండ్లు తీసి అతని ఒళ్ళో పెట్టారు.

"వాణ్ణి నువ్వు అడగలేవు. అందుకే బెండు లేని ఈత సంగతి ఊళ్ళో అందరూ నన్నే అడుగుతారు."