పులి ఎంచుకున్న ఎద్దు

అనగనగా ఒక అడవి, పిల్లలూ. ఆ అడవిలో మూడు వైపులా కొండలున్న ఒక లోయ. లోయ నిండా మోకాలెత్తు గడ్డి. ఆ ఏడు వానలు మొదలవగానే వాగు పొంగింది. ఎక్కడో సంతకు పోతున్న రెండు ఎద్దుల్ని తెచ్చి ఆ గడ్డిలో పడేసింది.

పెద్దవాడి పేరు నిట్రాడయ్య. గుడిసె నడుమ పాతే నిట్రాడులాగే పొడుగ్గా ఉండేవాడు. భారీ ఒళ్లున్న జాతి. పుట్టినప్పటి నుంచి తవుడూ తెలగపిండీ తిని పెరిగాడు. చిన్నవాడు గుజ్జయ్య. కొండజాతి పొట్టి ఎద్దు. వాడి తాతముత్తాతలు గడ్డి తప్ప మరో మేత ఎరగరు. జాతులు వేరైనా ఇద్దరూ అన్నా, తమ్ముడూ అని పిలుచుకునేవారు.

ఆ లోయలోకి వచ్చే దారిలో ఒక ముసలి పులి కాపురం. దానికి వేటాడే ఓపిక తగ్గింది, పళ్లు కదులుతున్నాయి. ఎద్దుల్ని చూడగానే లేచింది. వెంట తిరిగే నక్క ఆపింది. వరదలో కొట్టుకొచ్చి ఇద్దరూ చిక్కిపోయారనీ, వానలు వెనకబట్టేదాకా మేయనిస్తే మెత్తటి మాంసం దొరుకుతుందనీ చెప్పింది. ఇద్దరికీ కాపలా కాయడం కష్టం కాబట్టి ఒకణ్ణి ఉంచుకుని రెండోవాణ్ణి వదిలేయమంది.

పులి సరేనని ఎద్దుల దగ్గరకొచ్చి ఉన్న సంగతి చెప్పేసింది. వదిలేసినవాడి జోలికి రానని మాట కూడా ఇచ్చింది. దాని చూపు మాత్రం నిట్రాడయ్య మీదే ఉంది. గుజ్జయ్య నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, బతికిపోతాడు. కానీ వాడు ముందుకు జరిగాడు.

"పులిరాజా, ఒళ్లు చూసి మోసపోకండి. ఒట్టి గడ్డి తింటే మా అన్నకు ఎముక పెరుగుతుంది గానీ కండ మెత్తబడదు. ఆయన జాతికి దాణా పడాలి. నాది గడ్డికే కొవ్వు పట్టే జాతి. మెత్తటి మాంసం కావాలంటే నన్ను ఉంచుకోండి."

పులి నవ్వింది.

"తన మాంసాన్ని తానే మెచ్చుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. ఇందులో ఏదో మోసం ఉంది" అంది.

నక్క కూడా పెద్దవాడే మేలంది. పెద్ద ఎముకలైతే తనకూ నాలుగు మిగులుతాయని దాని ఆశ. పులి నిట్రాడయ్యను ఉంచుకుని, గుజ్జయ్యను పొమ్మంది. గుజ్జయ్య పోలేదు. అన్న పక్కనే మేస్తూ ఉండిపోయాడు.

కొన్నాళ్లకు పులి వచ్చి చూసింది. నిట్రాడయ్య ఇంకాస్త పొడుగయ్యాడు, అంతే. గడ్డి పూత పట్టినప్పుడు మళ్లీ వచ్చింది. అప్పటికీ పక్కటెముకలు బయటికే కనిపిస్తున్నాయి. పక్కన గుజ్జయ్య మాత్రం గుండ్రంగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాడు. పులికి నోరూరింది. ఇంకొంచెం ఓపిక పట్టమంది నక్క.

వానలు ఆగాయి. మూడోసారి వచ్చిన పులి ఆకలికి తాళలేక నిట్రాడయ్య మూపురం మీదికి దూకి కరిచింది. జనపతాడు కొరికినట్టయింది. రెండు పళ్లు ఊడి గడ్డిలో పడ్డాయి. నిట్రాడయ్య ఒక్క విదిలింపు విదిలించాడు. కిందపడ్డ పులి, ఇచ్చిన మాట మరిచి గుజ్జయ్య వైపు తిరిగింది. అన్నదమ్ములిద్దరూ భుజం భుజం కలిపి కొమ్ములు దించారు. పులి ఆ కొమ్ముల్నీ చూసుకుంది, తన ఓపికనూ చూసుకుంది. చివరికి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. నక్క అప్పటికే వేరే దొరను వెతుక్కుంటూ పోయింది.

ఎద్దులు లోయ దాటాయి. దారిలో నిట్రాడయ్య అడిగాడు.

"తమ్ముడూ, పులి నమ్మదని తెలిసే ఆ రోజు అలా చెప్పావా?"

"లేదన్నా. నమ్ముతుందనే అనుకున్నాను."

నిట్రాడయ్య తన పెద్ద అంగలు తగ్గించి, తమ్ముడి పొట్టి అడుగులతో సమంగా నడిచాడు.

నీతి: ఒడ్డూ పొడుగూ చూసి కాదు, ఏ జాతికి ఏ మేత ఒంటపడుతుందో తెలుసుకుని ఎంచుకోవాలి. నిజం చెప్పినవాణ్ణి అనుమానిస్తే పస్తు తప్పదు.