గవ్వ కడుపులో రాజముద్ర

ఒకానొక రాజ్యంలో, విజయదశమి వెళ్లిన మూడో రోజున, గవ్వ అనే వేటకుక్కకు అన్యాయం జరిగింది. చేసినవాడు సాక్షాత్తూ రాజు ప్రతాపభూపతి.

ఆయనకు తన రాజముద్ర ఉంగరమంటే మహా గర్వం. దాన్ని చూస్తే మనుషులంతా మొక్కాలి. ఆ పూట గారెలు తింటూ ఉండగా, 'కుక్క మాత్రం ఎందుకు మొక్కకూడదు?' అని బుద్ధి పుట్టింది. నేతి చేత్తోనే ఉంగరం తీసి గవ్వ ముక్కు ముందు పెట్టాడు. గవ్వ భక్తిగా తల వంచింది. వంచి, నాకి, గుటుక్కున మింగేసింది.

"కడుపు కోసి తీయండి!" అని కేకేశాడు మంత్రి సోమయామాత్యుడు.

కుక్కల్ని సాకే పైడమ్మ పరుగున వచ్చి గవ్వకు అడ్డం నిలబడింది. తల్లి లేని కూనగా ఉన్నప్పుడు గుడ్డ తడిపి పాలు పట్టి పెంచింది దాన్ని. కానీ ఏడిస్తే వినే చెవులు కావవి. నోరు చేసుకోక తప్పదు.

"దొరా, నున్నటి ఉంగరం. గుమ్మడికాయ ఉడకేసి అన్నంలో కలిపి పెడతాను. కనిపెట్టుకుని ఉంటే మూడు రోజుల్లో తన దారిన తనే వస్తుంది."

"ఉప్పునీళ్లు పోసి కక్కిస్తే సరి," అన్నాడు ఆస్థాన వైద్యుడు.

"ఎదురెక్కి గొంతులో అడ్డం పడితే? పైగా అంత ఉప్పు దానికి విషం. ముందు తమరు ఓ చెంబుడు తాగి చూపించండి."

వైద్యుడు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"రాజముద్ర ఆ దారిన రావడమా! కత్తి దూయండిరా!" అన్నాడు మంత్రి.

"దూయండి బాబూ. ముద్ర మోసేవారి ముందు కత్తి తీస్తే ఇరవై కొరడా దెబ్బలని ఏలినవారి శాసనం. పోయిన నెల మంగలి నూకయ్య అందుకే తిన్నాడు. గడ్డం గీయమని కూర్చున్నది ముద్ర తెచ్చిన బంట్రోతే అయినా సరే!"

కత్తి పిడి మీద చెయ్యేసిన భటుడు ఆ చేత్తో మీసం దువ్వుకున్నాడు.

"అయితే ఆ శాసనమే రద్దు చేద్దాం," అన్నాడు మంత్రి.

"చేయండి. రద్దు పత్రం మీద ముద్ర వేయాలిగా? గవ్వనడగండి, ఇస్తుందేమో."

రాజు విసురుగా పైడమ్మ వైపు తిరిగాడు. "ఏమిటే ఆ పొగరు! ఇప్పుడేం చేయమంటావు?"

"ముద్ర మోసేవారికి గొడుగు పట్టడం ఆచారం కదా దొరా. మంత్రిగారి చేతులు ఖాళీగానే ఉన్నాయి."

ముందు గవ్వ, పక్కన గొడుగుతో మంత్రి, వెనక రాజు. గవ్వ ఏ పొద దగ్గర ఆగితే రాజ్యపాలన అక్కడే ఆగింది. పైడమ్మ మాత్రం పొద్దుకో ముద్ద పెడుతూ, దాని పొట్ట తడిమి చూస్తూ, కంటి మీద కునుకు లేకుండా గడిపింది.

మూడో నాడు తోటలో గవ్వ నడుం వంచింది. అందరూ చుట్టూ మూగారు.

"వచ్చింది!" అని మంత్రి పెట్టిన కేకకు, కోటగుమ్మం మీది నగారావాడు యుద్ధం గెలిచామనుకుని విజయభేరి మోగించేశాడు.

వంగి నిలబడ్డ మంత్రిని చూసి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పైడమ్మా, నా ఏలుబడిలో సభ అంతా ఒక్క మాట మీద ఎదురుచూసింది దీనికొక్కదానికేనే! ఏం కావాలో కోరుకో."

"గవ్వను నాకిచ్చేయండి. ఆ శాసనం కొట్టేయండి."

ఉంగరాన్ని ఏడు బిందెల నీళ్లతో కడిగారు. ఆ శాసనం రద్దు, గవ్వ పైడమ్మ సొంతం, ఇద్దరికీ బతికినన్నాళ్లూ కోట నుంచి బియ్యం అని పత్రం రాసి ముద్ర వేశారు. కింద వేసిన తేదీ: శుభకృత్ నామ సంవత్సరం, ఆశ్వయుజ పౌర్ణమి, ఆదివారం.