చెలమ దగ్గర నక్క వకీలు

అనగనగా ఒక అడవిలో చుక్కమ్మ అనే దుప్పి ఉండేది. దానికి ఒక్కగానొక్క పిల్ల. ఎండాకాలం వస్తే ఆ అడవిలో వాగు ఎండిపోయి ఇసుకే మిగిలేది. అయినా ఎవరికీ దిగులు లేదు. ఎందుకంటే ఏనుగు పెద్దమ్మ ఉంది కదా! అది వచ్చి తొండంతో ఇసుక తోడి చెలమ తీసేది. గుంటలో చల్లటి నీళ్ళు ఊరేవి. తను తాగి, గుంటని అలాగే వదిలేసి వెళ్ళిపోయేది. మిగతావాళ్ళంతా వచ్చి తాగేవాళ్ళు.

ఒకరోజు చుక్కమ్మ నీళ్ళు తాగబోయి, అంచున ఇసుక జారి పడింది. కాలు బెణికింది. నిజం చెప్పాలంటే తప్పు దానిదే. గంతులేస్తున్న పిల్ల వంక చూస్తూ నడిచింది మరి! కుంటుకుంటూ ఇంటికి వెళుతుంటే దారిలో ప్రతి చెట్టు మీంచీ చిలకలు అందుకున్నాయి.

"పడ్డారా? దెబ్బ తగిలిందా? తప్పు మీది కాదు! నక్క వకీలుని కలవండి! గెలిస్తేనే ఫీజు!"

ఈ గోల భరించలేక అడవి పెద్ద ఎలుగుబంటి అంతకుముందే ఒక కట్టడి పెట్టాడు. "అన్ని కేసులూ గెలవవు, ఆలోచించుకుని రండి" అని చివర్లో చెప్పి తీరాలట. చిలకలు చెప్పకేం, చెప్పేవి. ఒక్క గుక్కలో, "న్నికేసులుగెలవ్వాలోచించుకురండి" అని. చట్టం బ్రహ్మాండంగా నడుస్తోందని ఎలుగు పెద్ద తృప్తిగా తేనె నాకుతూ కూర్చునేవాడు.

మొదటి చెట్టు కింద చుక్కమ్మ "నాకెందుకులే" అనుకుంది. రెండో చెట్టు కిందికి వచ్చేసరికి కాలు ఇంకాస్త నొప్పి పెట్టింది. మూడో చెట్టు కింద "అయ్యో, నాకెంత అన్యాయం జరిగిపోయింది!" అని ఏడుపు ముంచుకొచ్చింది. తిన్నగా నక్క గుహకి నడిచింది.

"పాపం తల్లీ!" అన్నాడు నక్క వకీలు. "గుంట తవ్వింది ఎవరు?"

"పెద్దమ్మ. కానీ మా కోసమేనండీ."

"అదే, అదే నేరం!" అని నక్క చంకలు గుద్దుకున్నాడు.

పంచాయతీలో చుక్కమ్మ గెలిచింది. ఏనుగు పెద్దమ్మ ఒక గుట్ట ఇప్పపూలు నష్టపరిహారం ఇచ్చుకుంది. నక్క ఫీజు కింద సగం లాక్కున్నాడు. తర్వాత ఖర్చుల కింద మిగతా సగం కూడా లాగేశాడు. చుక్కమ్మకి అడుగున అంటుకున్న నాలుగు పూరేకులు దక్కాయి. గెలుపంటే గెలుపే మరి!

మర్నాడు చుక్కమ్మ పిల్లని తీసుకుని వాగుకి వెళ్ళింది. ఏనుగు పెద్దమ్మ నీళ్ళు తాగి, చెలమని ఇసుకతో పూడ్చేస్తోంది.

"అదేంటి పెద్దమ్మా!"

"తెరిచి ఉంచితే ఎవరైనా పడతారు కదమ్మా. నాకింక ఇప్పపూలు లేవు," అంది పెద్దమ్మ. ఆ మాటలో కోపం లేదు, భయమే ఉంది. చుక్కమ్మకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఎండ ముదిరింది. పిల్ల గంతులు మానేసింది. "అమ్మా, దాహం," అని నాలుక బయట పెట్టి పడుకుంది. చుక్కమ్మ గుండె తరుక్కుపోయింది. పరుగున నక్క దగ్గరికి పోయి కాళ్ళావేళ్ళా పడింది.

"దానికేం, చెలమ పూడ్చినందుకు ఇంకో కేసు వేద్దాం," అన్నాడు నక్క. అన్నాడు గానీ, వాడి గొంతూ ఎండిపోయే ఉంది.

దాహం ఆగక ఆ సాయంత్రం నక్కే వాగుకి పోయి, పూడ్చిన చోట గబగబా తవ్వాడు. తవ్వడం చాతనైతే కదా! ఇసుక జారి, తలకిందులుగా గుంటలో పడ్డాడు.

"లాగండ్రోయ్!" అని కేకలు. అడవంతా చుట్టూ చేరింది. ఎవ్వరూ ముందుకి రాలేదు. "లాగేటప్పుడు తోక ఊడితే మన మీద కేసు పెడతాడు," అన్నాడు ఎలుగు పెద్ద, వెనక్కి జరుగుతూ. పైనుంచి చిలకలు అలవాటు కొద్దీ మొదలెట్టాయి: "పడ్డారా? దెబ్బ తగిలిందా? నక్క వకీలుని కలవండి!"

చుక్కమ్మ పిల్లని వెంటబెట్టుకుని గుంట అంచుకి వచ్చింది. "వకీలుగారూ, కేసు కావాలా, పెద్దమ్మ తొండం కావాలా? అందరూ వింటుండగా చెప్పండి."

"తొండం తల్లీ, తొండం! చెలమలో ఎవరు పడినా, నేను పడినా, కేసు వెయ్యను. ఒట్టు!"

పెద్దమ్మ నక్కని తోకతో సహా పైకి లాగింది. తర్వాత చెలమ వెడల్పుగా తీసి, తెరిచి వదిలేసింది. దుప్పిపిల్ల ముక్కు ముంచి గుటగుటా తాగింది. దాన్ని చూస్తూ చుక్కమ్మ భోరున ఏడ్చేసింది. "క్షమించు పెద్దమ్మా," అంది. పెద్దమ్మ తొండంతో దాని వీపు నిమిరింది.

తెల్లారి చిలకలు ప్రకటన చివర కొత్త ముక్క కలిపాయి, అదీ ఒక్క గుక్కలోనే: "చెల్మలోపడ్తేవకీల్రాడు!"

"ఆగండర్రా," అంది చుక్కమ్మ చెట్టు కింద నిలబడి. "ఆ ముక్క నెమ్మదిగా చెప్పండి. మా పిల్లకి కూడా అర్థం కావాలి."

నీతి: అన్యాయం జరిగితే న్యాయం అడగాలి, కానీ మన పొరపాటుకి మేలు చేసినవాళ్ళని దోషుల్ని చేస్తే, రేపు సాయం చెయ్యడానికే అందరూ భయపడతారు.