బావి మీద బండ

అనగనగా ఒక ఎడారి. ఆ ఎడారికి ఊళ్ళు లేవు, దారులు లేవు. ఉన్నవల్లా మూడే మూడు బావులు.

వాటిని నమ్ముకుని ఒంటెలు మేపుకుంటూ తిరిగే ఒక గుంపుకు లాఖా పెద్ద. ఆ గుంపులోనే జమ్కూ అవ్వ ఉండేది. ఆమెకున్నది ఒక ముసలి ఒంటె, తల్లి లేని మనవరాలు పేమి. వాళ్ళకో కట్టుబాటు ఉంది. నీళ్ళు తోడుకున్నాక బావి మీద బండ మూసి గానీ కదలకూడదు. మూయకపోతే ఇసుక పడి బావి పూడిపోతుంది మరి!

ఒక వేసవిలో మొదటి బావి దగ్గర నీళ్ళు తోడుతుండగా పడమట ఆకాశం ఎర్రబడింది. ఇసుకగాలి!

"పదండి, పదండి! ఆ గుట్టల చాటుకు చేరాలి" అని అరిచాడు లాఖా.

"బండ మూయొద్దా నాయనా?" అంది అవ్వ.

"ప్రాణాల మీదికొస్తుంటే బండేమిటి అవ్వా! ఈ ఏడు మళ్ళీ ఇటు వస్తామా ఏమిటి?"

గుంపు కదిలిపోయింది. అవ్వ పేమిని లాఖా భార్య చేతికిచ్చి తాను ఆగిపోయింది. బండకు తాడు కట్టి ఒంటె మెడకు తగిలించింది.

"మనం మళ్ళీ ఇటు రాం కదా అవ్వా?" అంది ఒంటె.

"మనం రాకపోతే ఇంకొకరొస్తారే పిచ్చిదానా. లాగు!"

ఒకసారి లాగితే కదల్లేదు. రెండోసారి కిర్రుమంది. మూడోసారికి మూసుకుంది గానీ, జానెడు సందు మిగిలింది. ఇక లాగే ఓపిక ఇద్దరికీ లేదు. అవ్వ తను కప్పుకున్న దుప్పటిని ఆ సందులో కుక్కి, కొసల మీద రాళ్ళు పెట్టింది. ఒంటె తోక పట్టుకుని గుడ్డిగా నడిచింది. గుట్టల చాటుకు చేరేసరికి నోటి నిండా ఇసుకే.

"ఈ వయసులో ఈ మొండితనమేమిటి?" అని లాఖా కసిరాడు. అవ్వ పేమిని ఒళ్ళోకి తీసుకుంది.

మర్నాడు రెండో బావికి చేరారు. అయ్యో, బావేది? అంచుల దాకా ఇసుక! తవ్వారు, తవ్వారు, వేళ్ళు చిట్లాయి. తడి తగల్లేదు.

"దీన్ని తెరిచి పోయినవాడి నోట్లో మన్నుపడ!" అని లాఖా తిట్టాడు. అంతలో ఇసుకలోంచి ఎర్రపూసల తోలుబొక్కెన ఒకటి బయటపడింది. అది లాఖాదే! నిరుడు తప్పిపోయిన ఒంటెను వెతుక్కుంటూ ఒక్కడే వచ్చి, నీళ్ళు తాగి, హడావిడిగా వెళ్ళిపోయాడు. బండ మూయనిది తనే. లాఖాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మూడో బావి మూడు రోజుల దూరం. తిత్తుల్లో నీళ్ళు ఒక్క రోజుకే. పేమి పెదవులు పగిలాయి. నీళ్ళడగడం కూడా మానేసింది.

"వెనక్కి పోదాం. మొదటి బావి మూసే వచ్చాను" అంది అవ్వ. అందే గానీ, ఆమె మనసంతా ఆ జానెడు సందు మీదే ఉంది. దుప్పటి గాలికి ఎగిరిపోయి ఉంటే?

తిరిగి వచ్చారు. ఎటు చూసినా ఇసుకే, ఒక్క గుర్తూ లేదు. ముసలి ఒంటె నేలను వాసన చూస్తూ అటూ ఇటూ తిరిగి, ఒకచోట మోకరిల్లింది.

"ఇక్కడే, అవ్వా."

లాఖా రెండు చేతులా ఇసుక తోడాడు. బండ తగిలింది. దుప్పటి తగిలింది. దాని కింది వైపు చెమ్మగా ఉంది! అవ్వ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

మొదటి దోసెడు పేమి తాగింది. తర్వాత ఒంటెలు, తర్వాత మనుషులు. లాఖా అందరికంటే చివర తాగాడు. తాగి, ఎవరూ చెప్పకుండానే బండకు భుజం ఆనించాడు.

"ఈసారి సందు ఉండదులే అవ్వా" అన్నాడు.

చూశారా పిల్లలూ, మన వెనక వచ్చేవాళ్ళ కోసం నాలుగు చుక్కల నీళ్ళు కాపాడాలి. ఒక్కోసారి ఆ వెనక వచ్చేది మనమే అవుతాం.