నిద్రపోయిన గంట

అనగా అనగా, ఏ శాసనానికీ అందని పాతకాలంలో, మణిశిలాపురాన్ని కనకధ్వజుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు: మణికేతుడు, రత్నకేతుడు, చంద్రకేతుడు. చిన్నవాడికి ఊహ తెలిసేసరికే తల్లి లేదు. ఒకనాడు తెప్పమీద ఒడ్డుకు కొట్టుకువచ్చిన నీలవ్వ అనే ఆమెను రాజు దాదిగా పెట్టాడు. పిల్లవాడు ఆమెను ‘అత్తా’ అని పిలిచేవాడు. ఎవరు నేర్పారో తెలియదు కాని, ఆ పిలుపే నిలిచిపోయింది.

నీలవ్వ మెడలో ఒక కంచుగంట ఉండేది. దాని నిండా బూరుగు దూది కుక్కి ఉండేది. ఎందుకు మోగదని పిల్లవాడు అడిగితే, “నిద్రపోతోంది నాయనా, లేపకు” అనేది. వాడు నిద్రపోయే వేళకు వాడి కాలిమువ్వల్లో కూడా ఇంత దూది పెట్టేది, అవి కదిలి నిద్ర చెడకుండా.

ఏళ్ళు గడిచాయి. నీలవ్వ మంచం పట్టింది. ఏం కావాలో చెప్పమని చంద్రకేతుడు పట్టుబట్టగా, అప్పుడు విప్పింది నోరు.

ఏడు సముద్రాల అవతల ఘంటాద్వీపం ఉంది. అక్కడి జనం రెండు తెగలు. మేడవారు కూర్చుంటారు, గంటవారు పనిచేస్తారు. పుట్టిన ప్రతి గంటవాడి మెడకూ కాంస్యకుడనే మాంత్రికుడు మంత్రపు తాడుతో గంట కడతాడు. విప్పబోతే తాడు బిగుస్తుంది. గంట మోగుతున్నంతసేపూ వాడెక్కడున్నాడో కోటలోని చిలుకకు తెలుస్తుంది. ఒక్క గంట ఆగితే అది అరుస్తుంది, భటులు అక్కడికి పరుగెత్తుతారు. మాంత్రికుడి ప్రాణం ఉన్నది ఆ చిలుకలోనే. చావు కబురు కోటకు తెలిపాక శవం గంటలో మాత్రం దూది కుక్కి, తెప్పమీద పెట్టి సముద్రంలోకి వదులుతారు. నీలవ్వ చచ్చినట్టు నటించి, ఆ తెప్పమీదే వచ్చింది. చంటిబిడ్డ ఏడిస్తే ఇద్దరూ దొరికిపోతారని కూతుర్ని తల్లి దగ్గర వదిలింది. ఎవరినైనా తోడు తీసుకుని వెనక్కి వెళ్దామని సభకు ఎన్నోసార్లు వెళ్ళింది. దాదికి సభలో పనేమిటని ద్వారపాలకులు తిప్పిపంపారు.

“దాని పేరు పొన్నారి. బతికి ఉందో లేదో, ఆ ఒక్కటి తెలిస్తే చాలు” అంది నీలవ్వ.

ఈసారి మాట రాకుమారుడి నోట వచ్చింది కనుక రాజు విన్నాడు. మణికేతుడు కత్తులు, డాళ్ళు పడవలకెత్తించి వెళ్ళాడు. కత్తుల చప్పుడు చిలుక విన్నది, పెద్దవాడి మెడలో గంట పడింది. రత్నకేతుడు చిలుకను పాటతో మరపిస్తానని వీణలతో, వేణువులతో వెళ్ళాడు. పాట కూడా చప్పుడే కదా, చిలుక విన్నది, రెండోవాడి మెడలోనూ గంట పడింది. అప్పుడు చంద్రకేతుడు తన మువ్వలను తలచుకుని, ఒక పెద్ద దూది మూట కట్టుకుని బయలుదేరాడు.

ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. దాన్ని తిరగవేశాడు. అది సంతోషించి వీపెక్కమంది.

“మూటలో ఏముంది?”

“దూది.”

“ఏడు సముద్రాల మీద దూదా నాయనా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది.”

“బూరుగు దూదికి నీరంత త్వరగా అంటదు తాతా. నువ్వు మాత్రం మునగకు.”

తాబేలు సణుగుతూనే ఈదింది. దారిలో సముద్రాల పేర్లు అడిగితే మూడు చెప్పి, మిగిలిన నాలుగూ కూడా నీళ్ళేనంది.

దీవి చేరాక చంద్రకేతుడు పాదాలకు దూది చుట్టుకుని నడిచాడు. బావి దగ్గర ఒక పిల్ల, మెడలో గంట మోగుతుండగా, కావడి నింపుకుంటోంది. పొన్నారి ఎవరని అడిగితే, తానేనంది. తల్లి బతికే ఉందని చెబితే, కావడి దించి అతణ్ణి ఎగాదిగా చూసింది. తెప్పమీద పోయినవాళ్ళు తిరిగి కబురంపరని ఆమెకు తెలుసు.

“మా అమ్మ గంటకు ఒక గుర్తు ఉండేదని అవ్వ చెప్పింది. ఏమిటది?”

“అంచున చీలిక. అందులో నా చిటికెనవేలి గోరు పెట్టి ఆడుకునేవాణ్ణి.”

పొన్నారి తన చిటికెనవేలి గోరు చూసుకుంది. తరువాత, “నిన్ను నిద్రపుచ్చేదా?” అని అడిగింది. రోజూ అన్నాడు చంద్రకేతుడు. ఆమె కళ్ళు తుడుచుకుని, మూటలో ఏముందో చూపమంది.

చూశాక ఆమెకే తట్టింది. ఒక్క గంట ఆగితే భటులు ఆ చోటికి పరుగెత్తుతారు. అన్నీ ఒక్కసారి ఆగితే ఏ చోటికని పరుగెత్తుతారు? నీళ్ళు మోసే పొన్నారికి ప్రతి ఇంటి పెరటి దారీ తెలుసు. మూడు రోజులు కావడితో పాటు దూది ఇల్లిల్లూ చేరింది. అన్నలిద్దరికీ వారి వాటా అందింది.

నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం, మేడవారు భోంచేసి నడుం వాల్చిన వేళ, దీవిలోని గంటలన్నీ ఒకేసారి మూగబోయాయి.

చిలుక మెడ తిప్పి విన్నది. ఇటు విన్నది, అటు విన్నది. పుట్టి బుద్ధెరిగాక అది నిశ్శబ్దం వినడం అదే మొదలు. దాని కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. కొలువులో ఎవరికో కొరడాదెబ్బలు విధిస్తున్న కాంస్యకుడు మాట మధ్యలోనే గురకపెట్టాడు.

చంద్రకేతుడు, పొన్నారి కోటపైకెక్కారు. అతడు మొలలోని కత్తి దూసి ఎత్తాడు. చిలుక ఒక కన్ను తెరిచి, “కాసేపు పడుకోనీ నాయనా, తరువాత చంపుదువు” అంది. దాని ఈకల కింద పొన్నారి వేళ్ళకు తాడు తగిలింది. ఆ తాడు ఒరిపిడికి మెడ పుండుపడి ఉంది.

“ఇది కూడా మనలోదే” అంది పొన్నారి. కత్తి దించమంది.

చిలుక నిద్రమత్తులోనే రహస్యం చెప్పింది. మాంత్రికుడు వేసిన తొలి ముడి తనదే. అది విప్పితే మిగిలినవన్నీ ఊడతాయి, ఎవరి ప్రాణం వారిని చేరుతుంది. చిలుక గొంతు నొక్కడానికి వచ్చిన వీరులు చాలామందే ఉన్నారట, తాడు విప్పుదామనుకున్నవారు మాత్రం లేరట.

పొన్నారి ముడి విప్పింది. దీవి అంతటా గంటలు నేల రాలాయి. కాంస్యకుడు మామూలు ముసలివాడై మేలుకుని, మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఎవరూ తేలేదు. చివరకు పొన్నారే అతనికి బావికి దారి చూపింది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి నీలవ్వ మంచం దిగి వచ్చి రేవులో నిలబడి ఉంది, ఊడిన గంట చేతిలో పట్టుకుని. కూతురూ తల్లీ ఒకరినొకరు తడిమి చూసుకున్నారు. మెడలమీద తాళ్ళ మచ్చలు ఒకేచోట ఉన్నాయి.

చిన్నప్పటినుంచీ అత్తా అని పిలిచాడు కనుక పొన్నారి మరదలే అవుతుందని అన్నలు ఆటపట్టించారు. చంద్రకేతుడు కాదనలేదు. రాజు పెళ్ళికి ఒప్పుకుని, ఏం కావాలో కోరుకోమన్నాడు.

“మీ రాజ్యంలో మెడకు గంటలు కట్టరు, మంచిదే. ఇన్నేళ్ళలో మా అమ్మ మీ ఎదుట ఒక్కసారైనా కూర్చుందా, మామయ్యగారూ?”

రాజు తానే లేచి, ఆసనం తెచ్చి వేశాడు. నీలవ్వ దాని అంచునే కూర్చుంది. పూర్తిగా వెనక్కి వాలి కూర్చోవడానికి ఆమెకు ఇంకో ఏడాది పట్టింది.

పెళ్ళయింది. దాదులకూ సభలో నోరు తెరిచే హక్కు దొరికింది. చంద్రకేతుడు, పొన్నారి చాలాకాలం రాజ్యమేలారు. చిలుక ఎప్పుడైనా వచ్చి రాణి భుజంమీద కునుకు తీసి పోయేది. రాలిన గంటలను కరిగించి వంటపాత్రలు పోయించుకున్నారు. నీలవ్వది మాత్రం ఉంచారు, ఇదంతా కట్టుకథ అనే మనవలకు చూపడానికి. దాని అంచున చీలిక ఉంటుంది, లోపల దూది ఉంటుంది. ఆ దూదిని ఇప్పటిదాకా ఎవరూ తీయలేదు.