బస్సు నెత్తిన తోడేసిన నీళ్ళు

ఇది చిన్న కథ. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేలోపు అయిపోతుంది. అసలు నక్కలమెట్టలో పాలు పొంగేదెక్కడ లెండి. పాలవాడు పరదేశి పోసే పాలు మరిగితే ఆవిరి వస్తుంది, అంతే. అడిగితే "గేదె నీళ్ళు ఎక్కువ తాగిందమ్మా" అంటాడు. ఆ గేదె పాపం పుట్టి బుద్ధెరిగి అన్ని నీళ్ళు తాగి ఉండదు. పరదేశిని వదిలేస్తే, అతని అక్క సన్నెమ్మ ఉంది. ఎవరింట్లో ఏ కూర వండారో వీధి చివర నిలబడి వాసనతో చెప్పేస్తుంది. తనింట్లో అన్నం మాడితే మాత్రం ఎవరో వచ్చి చెప్పాలి. ఆ సన్నెమ్మ పక్కన ఉండేవాళ్ళే తూనికల వారు. కథ వాళ్ళది.

తూనికల వారు ముగ్గురు అన్నదమ్ములు. భూషణం, గవరయ్య, పైడిరాజు. తెలివి విషయంలో వాళ్ళకి మహా గర్వం. "ఊళ్ళోవాళ్ళు ఒక మాట వింటే దానికి ఇంకో నాలుగు అతికిస్తారు. మేం అలా కాదు. మాట ఎంతుందో అంతే తీసుకుంటాం" అని పెద్దవాడు భూషణం అరుగుల మీద కూర్చుని చెప్పేవాడు. తమ్ముళ్ళిద్దరూ తలలూపేవాళ్ళు. తల ఊపమంటేనే ఊపేవాళ్ళు, అది వేరే సంగతి.

మొన్న తుపానుకి వాళ్ళ పెంకుటిల్లు కూలిపోయింది. "చూశారా, నిలబడి ఉన్న ఇల్లు కాబట్టి పడిపోయింది. కదిలే ఇల్లు కొంటే ఈ బాధ ఉండదు" అన్నాడు భూషణం. అంతే, తుక్కులో పడేసినా ఇంజను పనిచేసే పాత బస్సొకటి తెచ్చారు. బస్సులకి బాడీలు కట్టే మస్తాన్ మేస్త్రి దాని పక్కగోడ కోసి, బీరువా సొరుగులా బయటికి లాగితే వచ్చే గది ఒకటి అమర్చాడు. ఆ గది నెత్తిన మందపాటి టార్పాలిన్ గుడ్డ పరిచి, దాని అంచుని రోడ్డు వైపు పందిరిలా బయటికి లాగి, మోయడానికి పొడుగు తగ్గించగలిగే రెండు ఇనప కాళ్ళు పెట్టాడు. పని చక్కగా చేశాడు. ఎవరికి చేస్తున్నాడో మాత్రం చూసుకోలేదు.

ఆ సొరుగు గదిలో భూషణం కొత్త కాపురం పెట్టాడు. పెళ్ళాం పేరు వరహాలు. తను ఏం చెప్పినా "అవును కదా" అనే మనిషి లోకంలో ఒకరున్నారని భూషణానికి ఆవిడ వచ్చాకే తెలిసింది. ఆవిడ లేని బస్సుని తలుచుకోవడానికే అతను ఒప్పుకునేవాడు కాదు.

తలుచుకోవలసిన పని మామగారే పెట్టాడు. తాటిగూడెం తవిటినాయుడు ఫోను చేసి, "అల్లుడా, బస్సులో కాపురమంటే నాకు టికెట్టు కొని చేసే కాపురంలా ఉంది. ఆదివారం వచ్చి చూస్తాను. నా బిడ్డ మీద ఒక్క వాన చుక్క పడిందని తెలిసిందా, ఆ పూటే తీసుకుపోతాను. మళ్ళీ పంపను" అన్నాడు.

శుక్రవారం వాన మొదలైంది. టార్పాలిన్ మధ్యలో నీళ్ళు చేరి, గుడ్డ చూలు గేదె పొట్టలా కిందికి దిగింది. భూషణం గుండె కూడా దానితోపాటే దిగింది. మస్తాన్‌కి ఫోను చేశాడు.

"ఏం లేదు బాబూ. నీళ్ళు నిలవకుండా చూడండి, చాలు" అన్నాడు మస్తాన్.

ఇంకేముంది, ముగ్గురూ నిచ్చెన వేసుకుని వంతుల వారీగా నీళ్ళని చూడడం మొదలెట్టారు. గవరయ్య రెప్ప వెయ్యకుండా చూశాడు. పైడిరాజు కళ్ళు ఎర్రబడేదాకా చూశాడు. మధ్యాహ్నానికి పొట్ట రెండింతలైంది.

"మనం చూస్తూనే ఉన్నాం, అవి నిలుస్తూనే ఉన్నాయి. ఏం సిగ్గులేని నీళ్ళురా ఇవి!" అన్నాడు భూషణం.

"నువ్వు మధ్యలో తుమ్మావు కదరా పైడీ, అప్పుడు చేరుంటాయి" అన్నాడు గవరయ్య.

మళ్ళీ ఫోను. మస్తాన్ కాస్త నవ్వాడు. "ఉత్తినే చూస్తే పోతాయా బాబూ? వాలు పెట్టండి. వాలుంటే వాటంతట అవే జారిపోతాయి."

తూనికల వారికి తెలిసిన వాలు ఊళ్ళో ఒక్కటే ఉంది. అది సన్నెమ్మ మొగుడు పడుకునే వాలుకుర్చీ. ఆయన్ని లేపి కుర్చీ తెచ్చి, ముగ్గురూ కలిసి టార్పాలిన్ మీదికి ఎక్కించారు. నీళ్ళు జారలేదు సరికదా, కుర్చీ కాళ్ళు మునిగాయి.

"ఖాళీ కుర్చీ పెడితే దాన్ని ఎందుకు పెట్టామో నీళ్ళకేం తెలుస్తుంది? మనిషుండాలి" అన్నాడు గవరయ్య. అంతే, అందరిలోకీ బక్కవాడని పైడిరాజుని గొడుగిచ్చి కూర్చోబెట్టారు. గుడ్డ ఇంకో జానెడు దిగింది. లోపల మంచం మీద కూర్చున్న వరహాలుకి పైకప్పు రేకు కిర్రుమనడం వినిపించింది.

"ఏమయ్యా, రేకు మాట్లాడుతోంది" అంది.

"ఏమంటోంది?"

"కిర్రు అంటోంది."

"అంతేనా! అయితే పరవాలేదు" అన్నాడు భూషణం.

అన్నాడు గానీ, అతనికి నమ్మకం కుదరలేదు. మూడోసారి ఫోను చేశాడు. మస్తాన్ ఈసారి నవ్వలేదు. "ఓరి నాయనా, రోడ్డు వైపు కాలు ఒకటి కిందికి దించండి! కాలు దిగితే నీళ్ళు దిగుతాయి!"

"ఒరే పైడీ! రోడ్డు వైపు కాలు దించరా!"

పైడిరాజు కుడికాలు దించాడు. సాయంత్రం దాకా దించే ఉంచాడు. కిటికీ ముందు కాలొకటి కదలకుండా వేలాడుతుంటే వరహాలు ఊరుకోలేక, ఉతికిన తువ్వాలు దాని మీద ఆరేసింది. వానలో ఆరేస్తే ఆరుతుందా అని అడగకండి. అడిగితే "ఆరడానికి కాదు, ఆరెయ్యడానికి ఆరేశాను" అంటుంది.

శనివారం పొద్దున్న నాలుగోసారి ఫోను చేసేసరికి మస్తాన్‌కి ఓపిక అయిపోయింది. "నాయనా భూషణం, నీకో దండం. వాలొద్దు, కాలొద్దు. ముందా నీళ్ళు తోడేయండి!" అని పెట్టేశాడు.

భూషణం ఫోను వంక చూసి, తమ్ముళ్ళ వంక చూసి, "తోడెయ్యమన్నాడు" అన్నాడు.

"మజ్జిగతోనా, పెరుగుతోనా?" అంది వరహాలు.

"అది చెప్పలేదు."

"మా అమ్మ శేరు పాలకి చెంచాడు పెరుగు వేస్తుంది. ఇవి ఎన్ని శేర్లుంటాయంటావు?"

గవరయ్య లెక్కేసి ఒక బిందెడు మజ్జిగ కావాలని తేల్చాడు. సన్నెమ్మ ఇంటికెళ్ళి అడిగితే, ఏం తోడేస్తున్నారని ఆవిడ అడగలేదు. అడిగితే వేడుక చూడడానికి ఉండదు కదా. పైగా సలహా ఒకటి ఇచ్చింది. "చల్లటివాటికి తోడెయ్యకండ్రా, తోడుకోవు. గోరువెచ్చగా ఉండాలి. తోడేశాక కదపకూడదు సుమా!"

ఇంకేముంది, కుర్చీని దించి, నాలుగు కాగుల నీళ్ళు మరగబెట్టి పైకెక్కించారు. ఉన్న నీళ్ళు చాలవన్నట్టు ఇవీ కలిశాయి. బిందెడు మజ్జిగ పోశారు. వరహాలు వేలు ముంచి చూసి, "సరిపోయింది" అంది. పైన దుప్పటి కప్పారు. ఆ తరవాత బస్సులో ఎవరూ గట్టిగా నడవలేదు. పైడిరాజుకి తుమ్మొస్తే ఊరి పొలిమేర దాటి వెళ్ళి తుమ్మి వచ్చాడు.

ఆదివారం తవిటినాయుడు ఆటోలో దిగాడు. తెల్లటి పంచె, చేతిలో మొనతేలిన గొడుగు. ముందు కూతురి చెంపలు తడిమి చూశాడు, పొడిగానే ఉన్నాయి. గదిలోకెళ్ళి పక్క తడిమి చూశాడు, అదీ పొడిగానే ఉంది. భూషణానికి ప్రాణం లేచివచ్చింది. అప్పుడు మామగారు బయటికొచ్చి, రోడ్డు వైపు బస్సు చూరు దాటి వేలాడుతున్న గుడ్డ పొట్ట కింద నిలబడి తలెత్తాడు.

"ఏంటల్లుడా ఇది?"

"మెల్లగా మాట్లాడండి మావయ్యగారూ. తోడుకుంటోంది."

"ఏం తోడుకుంటోంది?"

"నీళ్ళు."

తవిటినాయుడు అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు. ఆ తరవాత గొడుగెత్తి మొనతో పొట్టని ఒక్క పోటు పొడిచాడు. అంతే. రెండు రోజుల వానా, నాలుగు కాగుల వేణ్ణీళ్ళూ, బిందెడు మజ్జిగా, దుప్పటితో సహా ఆయన నెత్తిన దిగాయి. తెల్లటి పంచె కాబట్టి మజ్జిగ కనబడలేదు. వాసన మాత్రం సన్నెమ్మ వీధి చివర నుంచే పట్టేసింది.

"అయ్యో, కదపొద్దన్నాం కదా! ఇంకో పూట ఆగితే గట్టిపడేవి" అంది వరహాలు.

భూషణం మాత్రం ఆనందంతో ఎగిరి గంతేశాడు. "చూశారా మావయ్యగారూ! మీ అమ్మాయి మీద ఒక్క చుక్క పడలేదు! అన్నీ మీ మీదే పడ్డాయి!"

తవిటినాయుడు మీసాల మీంచి మజ్జిగ తుడుచుకున్నాడు. ఆయన గొంతు పైకి లేచింది. "ఒక్క క్షణం ఇక్కడ ఉండడానికి వీల్లేదు. అమ్మా, బండెక్కు! మనూరు పోదాం!"

పెద్దాయన మాట. వరహాలు వెంటనే బండెక్కింది. ఆవిడకి తెలిసిన బండి బస్సే. ఆవిడ ఎక్కితే భూషణం ఎక్కాడు. అన్న ఎక్కితే తమ్ముళ్ళు ఎక్కారు. ట్రాక్టరు తోలిన చెయ్యి కాబట్టి గవరయ్య స్టీరింగు పట్టాడు. "మామగారు ఎంత మంచివారో! నన్ను విడిచి తీసుకుపోతారేమోనని ఊరికే భయపడ్డాను. అందర్నీ రమ్మన్నారు" అని భూషణం కళ్ళు తుడుచుకున్నాడు. బస్సు కదిలింది. సొరుగు గదిని లోపలికి తొయ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి అది బయటే ఉంది. ఇనప కాళ్ళు రెండూ నక్కలమెట్టలోనే ఉండిపోయాయి. వాటి మధ్య తవిటినాయుడు గొడుగుతో నిలబడి ఉన్నాడు.

తాటిగూడెంలో ఆయన ఇల్లు ఒక సందు చివర ఉంది. బస్సు సందులోకి దూరింది. సొరుగు గది రెండిళ్ళ గోడల మధ్య ఇరుక్కుంది. ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

తవిటినాయుడు తన ఇంటికి వెళ్ళాలంటే బస్సు వెనక తలుపులో ఎక్కి, అల్లుడి మంచం దాటి, ముందు తలుపులో దిగుతాడు. రోజుకి నాలుగుసార్లు. చెప్పులు విప్పి ఎక్కమంటారు. విప్పుతాడు.