సీపీయూకి సంబంధం చూసిన గంధం వారు

తణుకులో తెలివైనవాళ్ళెవరని ఎవరైనా అడిగితే, గంధం వారు అందరికంటే ముందు తమ చేతులే ఎత్తేవారు. ఇంకెవరూ చెయ్యెత్తలేదు కాబట్టి ఊరంతా ఒప్పుకున్నట్టేనని మురిసిపోయేవారు.

ఇంటికి పెద్ద శోభనాచలం. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లు పోనిచ్చేవాడు కాదు. "ఇకమీద ఉప్పు మాటెత్తకండి" అని డాక్టరు చెప్పిన రోజునుంచీ ఆయన ఆ మాట ఎత్తలేదు. "గంగరాజూ, ఆ తెల్లటిది ఇంకాస్త వడ్డించరా" అనేవాడు. తమ్ముడు గంగరాజు వడ్డించేవాడు. వాళ్ళమ్మ వర్ధనమ్మ "నా కొడుకులది ఎంత నిగ్రహమో" అని కళ్ళు తుడుచుకునేది.

ఇలాంటి ఇంట్లో యామిని పుట్టింది. గంగరాజు కూతురు, డిగ్రీ చదువుతోంది. కంప్యూటర్లో యుద్ధాల ఆట ఆడే అయిదుగురు ఆడపిల్లల జట్టుకి నాయకురాలు. ఆదివారం పొద్దున ఆన్‌లైన్లో పోటీ. గెలిస్తే హైదరాబాదులో ఫైనల్స్. అవతలి జట్టు మగపిల్లలు "వంటల పోటీ అనుకుని వస్తున్నారా అక్కా?" అని అప్పుడే మెసేజీలు పెడుతున్నారు. యామిని గురి తప్పదు గానీ, ఇంట్లో ఉన్న పాత మానిటరే తప్పుడుది. శత్రువు వచ్చి కాల్చి వెళ్ళిపోయాక, వస్తున్నట్టు చూపించేది.

"పెదనాన్నా, కొత్త మానిటర్ కొనాలి" అంది యామిని.

శోభనాచలం కంప్యూటర్ల షాపు సూరిబాబుకి ఫోన్ చేశాడు. పాపం, సూరిబాబు మంచికి పోయి, "కోడల్ని తెచ్చుకున్నట్టేనండీ! ఇంటిల్లిపాదీ వచ్చి, చూసుకుని, మీ సీపీయూకి జోడీ కుదిరేదాన్ని తీసుకెళ్ళండి" అన్నాడు.

ఇంకేముంది! శోభనాచలం పంచాంగం తీశాడు. వర్ధనమ్మ పట్టుచీర తీసింది. గంగరాజు సీపీయూని తడిగుడ్డతో తుడిచి, ఉత్తరీయం కప్పి, ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

"దాన్నెందుకు నాన్నా?" అంది యామిని.

"పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళిచూపులేంటే, వెర్రిదానా!"

షాపులో మానిటర్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. శోభనాచలం కాలుమీద కాలేసుకుని కూర్చుని కాఫీ కోసం చూశాడు. సూరిబాబు ఒక పెద్ద నల్ల మానిటర్ ముందుకి జరిపాడు.

"దీని పేరేంటి బాబూ?" అంది వర్ధనమ్మ.

సూరిబాబు మోడల్ నంబరు చదివాడు. చదువుతూనే ఉన్నాడు.

"ఇంటిపేరు బాగా పొడుగు. సరే, పాటలొచ్చా?"

"స్పీకర్లు లేవండి. దీనికి నోరు లేదు."

శోభనాచలం కుర్చీలోంచి లేచాడు. "నోరు లేని పిల్లా! అమ్మా, విన్నావా? మనం పుణ్యం చేసుకున్నాం!"

"కానీ రంగు తక్కువరా" అంది వర్ధనమ్మ. ఆవిడ రంగు చూస్తే ఆ మానిటరే నయం.

"ఇది చాలా చురుకైందండీ. ఆటలకి దీన్ని మించింది లేదు" అన్నాడు సూరిబాబు.

అంతే, శోభనాచలం మళ్ళీ కూర్చున్నాడు. "చురుకైందా? చురుకైనది ఇవాళ ఆటలంటుంది, రేపు ఉద్యోగమంటుంది. మందకొడిది చూపించు. తెల్లగా ఉండాలి. మా వాడి కంటే పొట్టిగా ఉండాలి."

గంగరాజు సీపీయూని దారంతో కొలిచి, ఆ దారం పట్టుకుని షాపంతా తిరిగాడు. చివరికి ఓ మూల దుమ్ము పట్టిన తెల్ల మానిటర్ దొరికింది. చిన్నది. స్విచ్ వేస్తే ఆలోచించుకుని వెలిగింది.

"ఎంత అణకువో!" అన్నాడు శోభనాచలం.

ఆ తెల్లదాంతో ఆడితే శత్రువు ఆదివారం కాలిస్తే సోమవారం కనబడతాడు. యామిని తన అమ్మ రాజ్యం వైపు చూసింది. రాజ్యం నెమ్మదిగా అంది: "నన్ను చూసిన రోజూ ఇంతే. నడవమన్నారు, నడిచాను. వీళ్ళతో వాదించకు. వీళ్ళ దారిలోనే వెళ్ళి ముందుకెళ్ళు."

యామినికి దారి దొరికింది. "పెదనాన్నా, జాతకాలు చూడరా?" అని సీపీయూ వైరు తీసి తెల్లదాని వెనక పెట్టింది. అది పాతకాలంది, వైరు దూరలేదు. నల్లదానికి పెట్టింది. చక్కగా దూరింది.

"కలిశాయి!" అని అన్నదమ్ములు ఎగిరి గంతేశారు. జాతకం ముందు రంగెంత, పొడుగెంత!

అప్పుడు సూరిబాబు బిల్లు ఇచ్చాడు. శోభనాచలం తెల్లబోయాడు. "పిల్లనిచ్చేవాళ్ళు మీరు. కట్నం మీరివ్వాలి గానీ, మమ్మల్ని అడుగుతారేం?"

"పెదనాన్నా, వీళ్ళు మౌస్ ప్యాడ్ ఊరికే ఇస్తున్నారు" అంది యామిని.

"ఆడపడుచు లాంఛనం! ఆ మాట ముందే చెప్పొద్దూ!" అన్నాడు శోభనాచలం. రాజ్యం తన చీటీ డబ్బు తీసి బిల్లు కట్టింది. ఆ ఇంట్లో మర్యాదలు మగవాళ్ళవి, ఖర్చులు ఆవిడవి.

ఇంటికి రాగానే గుమ్మంలో బియ్యం చెంబు పెట్టారు. మానిటర్‌కి ఉన్నది ఒకటే కాలు. అది కుడిదా ఎడమదా అని అన్నదమ్ములు అరగంట కొట్టుకున్నారు. చివరికి దాంతోనే తన్నించారు. బియ్యం వీధిలోకి పోయింది. వర్ధనమ్మ తెర మధ్యలో ఇంత కుంకుమ బొట్టు పెట్టి, కోడలు కదా అని తీసుకెళ్ళి వంటింట్లో కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా కాఫీ పెట్టలేదని సణిగింది.

"అత్తయ్యా, కొత్త దంపతుల్ని ఒక గదిలో ఉండనివ్వండి" అంది రాజ్యం. అలా మానిటర్ యామిని బల్లమీదికి చేరింది. శనివారమంతా యామిని ఆడింది. శత్రువు ముక్కు కొస కనబడితే చాలు, పడిపోతున్నాడు.

ఆదివారం పొద్దున తలంటుకుని వచ్చేసరికి బల్లమీద సీపీయూ ఒక్కటే ఉంది.

"నాన్నమ్మా! మానిటరేదీ?"

"ఆషాఢం వచ్చింది కదే. కొత్తకోడలు అత్తారింట్లో ఉండకూడదు. సారె పెట్టి పుట్టింటికి పంపించాం. శ్రావణంలో వస్తుంది" అంది వర్ధనమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

యామిని తడిజుట్టుతోనే సీపీయూ ఎత్తుకుంది. శోభనాచలం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆషాఢంలో అల్లుడు అత్తారింటికి వెళ్ళడమా? పరువేం కాను!"

వాదిస్తే పోటీ అయిపోతుంది. యామిని సీపీయూని దించేసి షాపుకి పరిగెత్తింది. అక్కడ సూరిబాబు, చలిమిడి పళ్ళెం, అరటిపళ్ళ గెల, పసుపు రాసిన మానిటర్ మధ్యలో అయోమయంగా నిలబడి ఉన్నాడు.

"అన్నా, తర్వాత చెప్తా. నీ షాపు సీపీయూ ఒకటి దీనికి తగిలించు!"

సూరిబాబు తగిలించాడు. యామిని కూర్చుంది. వంటల పోటీ అన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోపులో ఆవాల్లా ఎగిరిపోయారు. ఆఖరివాడు పడేసరికి షాపులో ఉన్నవాళ్ళంతా ఈలలు వేశారు. ఫోనులో నలుగురు ఆడపిల్లలు ఒకేసారి అరిచారు: "హైదరాబాద్!"

సరిగ్గా అప్పుడే, సారెలో తమలపాకులు మరిచిపోయామని అన్నదమ్ములు వచ్చారు. వచ్చి చూశారు. కోడలు పరాయి సీపీయూ పక్కన ధగధగా వెలిగిపోతోంది.

"పెదనాన్నా, గెలిచాం!" అంది యామిని.

ఎవరికి కావాలి! శోభనాచలం కళ్ళు మూసుకున్నాడు. గంగరాజు తమలపాకులు జారవిడిచాడు. ఇద్దరూ ఇంటికి వెళ్ళి, చూసింది తల్లికి చెప్పారు. యామిని వాళ్ళ వెనకే వెళ్ళింది.

"ఈ సంగతి పిల్లాడికెలా చెప్పడంరా?" అంది వర్ధనమ్మ.

సీపీయూని పీటమీద కూర్చోబెట్టి, స్విచ్ వేసి నిద్రలేపారు. గంగరాజు దాని వీపు నిమిరాడు. శోభనాచలం గొంతు సవరించుకుని, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. సీపీయూ సన్నగా మూలిగింది.

"బాధపడకు నాయనా, నీకు ఇంకో సంబంధం చూస్తాం. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, కాసిని పాలు తాగు" అంది వర్ధనమ్మ.

"నాన్నమ్మా, వద్దు!" అని యామిని అరిచేలోపు గ్లాసెడు వేడిపాలు దాని నెత్తిన పోసింది. టప్పుమని పేలి, పొగ వచ్చి, దీపం ఆరింది.

వర్ధనమ్మ గుండెలు బాదుకుంది. "చూశారా! మగవాడి మనసురా, ఎంత సున్నితమో!"